సీసాలో పెరిగిన దోమలు – రోనాల్డ్ రాస్ జీవితం

నాట్ల కాలం వచ్చిందంటే మన వూళ్ళల్లో దోమల మాట రాక తప్పదు. నీళ్ళు నిలిచిన మడిలో, గొడ్ల తొట్టిలో, బోరింగు పక్క గుంటలో మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఆడే సన్నపాటి పురుగుల్ని చూడనివాళ్ళు వుండరు. అవే దోమ పిల్లలు. శాస్త్రజ్ఞులు లార్వాలంటారు. వాటిని చంపడానికి మందు కొట్టడం మనకు తెలుసు. అయితే అవే పిల్లల్ని తొట్లలో పోసి, వేళకు తిండి పెట్టి, లక్షల లెక్కన పెంచే చోట్లు కూడా వున్నాయి. అదీ రోగాన్ని అరికట్టడానికే. దోమల్ని పెంచి జ్వరాన్ని తగ్గించడం ఏమిటి, విడ్డూరం కాకపోతే, అని ఎవరికైనా అనిపిస్తుంది. మాకూ మొదట అలాగే అనిపించింది.

ఈ సంగతి తెలుసుకుంటూ వెనక్కి పోతే కథ మన సికిందరాబాదుకే వస్తుంది. 1897లో అక్కడ ఒక మిలిటరీ డాక్టరు సీసాలో దోమ పిల్లల్ని పెంచాడు. రెక్కలొచ్చిన దోమల చేత ఒక రోగిని కుట్టించాడు. చలిజ్వరం గుట్టు అక్కడ బయటపడింది. ఆ డాక్టరు రోనాల్డ్ రాస్. హైదరాబాదు నల్లకుంటలో జనం కోరంటి దవాఖానా అని పిలుచుకునే జ్వరాల ఆస్పత్రి అసలు పేరులో వున్న రాస్ ఇతనే. అతని గురించీ, అతని పక్కన పనిచేసి సగం పేర్లతోనో అసలు పేరు లేకుండానో మిగిలిపోయినవాళ్ళ గురించీ ఈసారి చెప్పుకుందాం.

1857 మే 10న మీరట్‌లో సిపాయిలు తిరగబడ్డారు. సరిగ్గా మూడు రోజులకు, మే 13న, హిమాలయాల్లోని అల్మోరాలో రాస్ పుట్టాడు. తండ్రి ఆ సిపాయిలు ఎవరి మీద తిరగబడ్డారో ఆ తెల్లదొరల సైన్యంలోనే ఆఫీసరు, తరువాత జనరల్ కూడా అయ్యాడు. పదిమంది పిల్లల్లో రాస్ పెద్దవాడు. ఎనిమిదో ఏట చదువు కోసం ఇంగ్లండు పంపారు. కుర్రవాడికి బొమ్మలు గీయడం, కవిత్వం, సంగీతం, లెక్కలు ఇష్టం. వైద్యం మీద ఏ మాత్రం మనసు లేదు. తండ్రి మాత్రం డాక్టరై ఇండియాలో మిలిటరీ నౌకరీ చేయవలసిందేనని పట్టుబట్టాడు. లండన్లో సెయింట్ బార్తలోమ్యూ ఆస్పత్రిలో చేరాడు గానీ పరీక్ష ఒకటి తప్పాడు, కొంతకాలం ఓడమీద డాక్టరుగా తిరిగాడు. చివరకు 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి మద్రాసు రాజధానికి వచ్చాడు.

ఇతను ప్రజాసేవకని వచ్చినవాడు కాడు, సర్కారు నౌకరు. ఆ సర్కారుకి చలిజ్వరం మీద అంత పట్టింపు ఎందుకు వచ్చిందో కూడా మనం తెలుసుకోవాలి. బారకాసుల్లో సిపాయిలు జ్వరంతో పడిపోతున్నారు. తేయాకు తోటల్లో, రైలు కట్టల మీద, కాలువల తవ్వకంలో కూలీలు కడుపులో బల్లలు పెరిగి, రక్తం విరిగి రాలిపోతున్నారు. కూలీ చస్తే వాళ్ళకి కలిగే బాధకంటే పని ఆగితే కలిగే నష్టమే పెద్దది. పరిశోధన వెనుక వున్న అవసరం అది. అయినా కనిపెట్టిన నిజం మాత్రం తోట దొరల సొత్తు కాలేదు. అది మన అందరికీ పనికివచ్చింది.

మొదట్లో రాస్ పెద్దగా పరిశోధన చేసిందేమీ లేదు. నవలలు రాసుకున్నాడు, లెక్కలు చేసుకున్నాడు. అయితే బెంగుళూరులో వుండగా, 1883 ప్రాంతంలో, ఒక చిన్న సంగతి జరిగింది. అతని బంగళాలో దోమలు విపరీతం. చూస్తే కిటికీ బయట వున్న నీళ్ళ తొట్టిలో పిల్లలు కిటకిటలాడుతున్నాయి. తొట్టి బోర్లించాడు. దోమలు తగ్గాయి. మిగతా తొట్లు కూడా బోర్లించమని పై ఆఫీసరుకి చెబితే, దోమలు ఏదో ప్రయోజనం కోసం పుట్టి వుంటాయి కాబట్టి ఓర్చుకోవాలని అతగాడు కొట్టిపారేశాడు. మన పల్లెల్లో ఏ ముసలమ్మకి చెప్పినా మరునాడే తొట్టి బోర్లించేది.

ఆ రోజుల్లో మలేరియా చెడు గాలి వల్ల వస్తుందని నమ్మేవారు. ఆ పేరుకి ఇటలీ భాషలో అర్థం కూడా అదే. 1880లో అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగి రక్తంలో ఒక సూక్ష్మజీవిని చూశాడు. గాలి కాదు, జీవి అని తేలింది. కానీ ఆ జీవి ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి ఎలా పోతుంది? బోదకాలు పురుగు దోమ కడుపులోకి పోతుందని అంతకు ముందే చైనాలో కనిపెట్టిన ప్యాట్రిక్ మాన్సన్, మలేరియాకీ దోమకీ సంబంధం వుండి వుంటుందని వూహించాడు. 1894లో సెలవు మీద లండన్ వెళ్ళిన రాస్‌కి ఆ జీవిని మైక్రోస్కోపులో చూపించాడు. ఇండియాకి తిరిగి వెళ్ళి దీన్ని తేల్చమన్నాడు.

1895లో రాస్ సికిందరాబాదులో సిపాయిల పటాలానికి డాక్టరుగా వచ్చి పని మొదలుపెట్టాడు. మాన్సన్ వూహలో ఒక పెద్ద పొరపాటు వుంది. దోమ నీళ్ళలో పడి చస్తుందనీ, ఆ నీళ్ళు తాగినవాడికి జ్వరం వస్తుందనీ ఆయన అనుకున్నాడు. దాన్ని పరీక్షించడానికి రాస్ ఏం చేశాడంటే, అబ్దుల్ ఖాదిర్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించి, ఆ దోమలు చచ్చిన నీళ్ళని లచ్మన్ అనే ఆరోగ్యవంతుడైన యువకుడి చేత తాగించాడు. డబ్బు ఇచ్చే తాగించాడు. లచ్మన్‌కి కొద్దిరోజులు జ్వరం వచ్చి తగ్గింది గానీ రక్తంలో సూక్ష్మజీవి కనిపించలేదు. అతను తాగినదేమిటో, ఎందుకు తాగాలో అతనికి ఎంతవరకు చెప్పారో మనం వూహించుకోవలసిందే. వూహించడం కష్టమేమీ కాదు.

తరువాత రెండేళ్ళు అన్నీ వైఫల్యాలే. వందలాది దోమల్ని కోసి చూసినా కడుపులో ఏమీ కనబడదు. ఎందుకంటే అతను పెంచుతున్న దోమలే వేరు జాతివి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం కథ దోమ పిల్ల తీరు మీదే తిరుగుతుంది.

మన ఇళ్ళ దగ్గర కుండల్లో, తొట్లలో, మురుగులో తేలికగా దొరికే పిల్లలు బూడిదరంగు దోమవీ, కాళ్ళ మీద తెల్లచారల దోమవీ. వీటికి తోక దగ్గర ఒక గొట్టం వుంటుంది. ఆ గొట్టాన్ని నీటి పైకి పెట్టి గాలి పీలుస్తూ, తల కిందికి వేలాడేసి నీళ్ళలో వున్న మురుగు నలుసుల్ని తింటాయి. మలేరియా దోమ పిల్లకి ఆ గొట్టం లేదు. అది నీటి మీద గడ్డిపరకలా అడ్డంగా తేలుతుంది. తిండి వేళ తలని వెనక్కి పూర్తిగా తిప్పి, నీటి పైపొర మీద తేలే పాచి, పుప్పొడి, కంటికి కనపడని క్రిముల్ని నోటి దగ్గరి కుచ్చులతో లాక్కుని తింటుంది. సాధారణంగా దానికి మురుగు గిట్టదు, కాస్త తేట నీరు కావాలి. కాబట్టి తొట్లూ కుండలూ వెతికినంతకాలం రాస్‌కి దొరికినవి మలేరియాతో పనిలేని దోమలు. అతని మనుషులు తెచ్చిచ్చేది దగ్గర్లో దొరికినదే మరి.

మధ్యలో సర్కారు అతన్ని బెంగుళూరుకి మార్చి కలరా పని అప్పగించింది. 1897లో సెలవు పెట్టి వూటీ వెళ్ళి, అక్కడి సీగూరు లోయలో మలేరియా చూద్దామని పోతే తనకే జ్వరం పట్టుకుంది. ఆ ప్రాంతంలోనే రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమ అతని కంటపడింది. ఆ జూన్‌లో సికిందరాబాదు తిరిగొచ్చాడు. బేగంపేటలో ఆస్పత్రి గది. ఎండ. పంకా వేస్తే కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయి కనుక పంకా ఆపాలి. చేతుల చెమటకి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, ఉన్న ఒక్క కంటి అద్దమూ పగిలింది. ఈ కష్టం నిజమైనదే, రాస్ పట్టుదలని మేము తక్కువ చేయడం లేదు.

ఆగస్టు 15న అతను పెట్టుకున్న దోమల మనుషుల్లో ఒకడు ఒక సీసా నిండా పిల్లల్ని పట్టుకొచ్చాడు. మరునాటికి అందులోంచి మచ్చల రెక్కల గోధుమరంగు దోమలు ఓ పన్నెండు దాకా బయటికొచ్చి సీసా మూతికి కట్టిన గుడ్డ దగ్గర ముసురుకున్నాయి. ఆ వేళే ఆస్పత్రి అసిస్టెంటు ఒకతను గోడమీద తోక పైకెత్తి కూర్చున్న దోమని చూపించాడు. మలేరియా దోమ కూర్చునే తీరు అదే. దశాబ్దాల తరువాత 1923లో తన జీవితకథ అచ్చు వేసినప్పుడు ఆ అసిస్టెంటు పేరు మరిచిపోయానని రాస్ విచారంగా రాసుకున్నాడు. మరిచిపోయినందుకు విచారపడ్డాడు, అంతవరకు మెచ్చుకోవాలి. పిల్లల్ని పట్టుకొచ్చినవాడి పేరు కూడా మనకి దక్కలేదు. ఏ కుంటలో, ఏ గట్టు పక్కన, మోకాలి లోతు నీళ్ళలో వంగి వాటిని ఏరాడో!

గోడమీది దోమని పట్టుకుంటే సరిపోదా, పిల్లల నుంచి ఎందుకు పెంచాలి అని అడగవచ్చు. ఎగిరే దోమ అంతకు ముందు ఎవరిని కుట్టిందో తెలీదు. దాని కడుపులో కనిపించినది ఈ రోగి నుంచి వచ్చిందో, పిట్ట నుంచి వచ్చిందో, గొడ్డు నుంచి వచ్చిందో చెప్పలేం. సీసాలో పుట్టిన దోమ రక్తం రుచి చూడనిది. దాన్ని ఒకే ఒక్క రోగి మీద వదిలితే, తరువాత దాని కడుపులో ఏం కనిపించినా లెక్క తేలుతుంది. ఇది చిన్న తెలివి కాదు. అంతకు ముందు తప్పుడు దోమల మీద కూడా అతను ఈ పద్ధతే పాటించాడు గనుకనే, సరైన దోమ దొరికినప్పుడు అనుమానానికి తావు లేకుండా పోయింది.

ఆ రోగి హుసేన్ ఖాన్. అతని రక్తంలో మలేరియా జీవులు నిండుగా వున్నాయి. ఆగస్టు 16 మధ్యాహ్నం అతన్ని దోమతెర లోపల పడుకోబెట్టి ఈ దోమల్ని వదిలారు. దోమకి ఒక అణా చొప్పున కూలి. పది దోమలు కుట్టాయి, పది అణాలు ముట్టాయి. మన పాత లెక్కలో రూపాయికి పదహారు అణాలు. జ్వరంతో పడివున్న మనిషి ఒంటి రక్తానికి దినకూలీ లెక్కన ధర కట్టిన సంగతి ఇది. దొంగతనంగా కాదు, రాస్ కాగితాల్లో రాసిపెట్టిన లెక్కే.

నాలుగు రోజులు గడిచాయి. దోమలు కొన్ని చచ్చాయి, కొన్నిటిని కోసి చూశాడు, ఏమీ లేదు. ఆగస్టు 20న 38వ నెంబరు దోమని కోశాడు. దాని కడుపు గోడమీద గుండ్రటి కణాలు, వాటిలో నల్లటి నలుసులు. మలేరియా రోగి రక్తంలోని సూక్ష్మజీవిలో వుండే నలుసులు సరిగ్గా అవే. మరునాడు 39వ దోమలో ఆ కణాలు ఇంకా పెద్దవయ్యాయి. అంటే జీవి దోమ ఒంట్లో పెరుగుతోంది. ఆ ఆగస్టు 20నే ఇప్పుడు ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు.

ఇంత జరిగాక సర్కారు చేసిన ఘనకార్యం అతన్ని రాజపుటానాలో ఖేర్వాడా అనే మారుమూలకి బదిలీ చేయడం. అక్కడ మలేరియా అంతగా లేదు. ఎన్నో మొర్రలు పెట్టుకుంటే 1898లో కలకత్తా ఇచ్చారు. అక్కడ మనుషులు తేలిగ్గా ఒప్పుకోలేదు. సూది పొడుస్తారంటే జనం పారిపోయేవారు. దాంతో పిచ్చుకల మీద పడ్డాడు. పిట్టలకీ ఒకరకం మలేరియా వుంది, దాన్ని మోసేది మన బూడిదరంగు దోమ. మహమ్మద్ బక్ష్ అనే సహాయకుడు దోమల్ని పట్టడం, పిల్లల్ని పెంచడం, రాత్రుళ్ళు పిట్టల గూళ్ళ మీద వాటిని వదలడం, అన్నీ చేశాడు. ప్రయోగశాలలోనే పడుకునేవాడు. కిశోరీమోహన్ బందోపాధ్యాయ అనే బెంగాలీ యువకుడు కూడా ఈ పనిలో తోడున్నాడు. 1898 జులై 4న దోమ లాలాజల గ్రంథిలో రాస్ ఆ జీవుల్ని చూశాడు. దోమ చచ్చిన నీళ్ళు తాగితే కాదు, దోమ కుడితేనే జ్వరం వస్తుందని పిచ్చుకల్లో రుజువయింది. పాపం లచ్మన్ తాగిన నీళ్ళు వృథా.

మనుషుల్లో పూర్తి రుజువు అదే సంవత్సరం చివర్లో ఇటలీలో గ్రాసీ, అతని తోటివాళ్ళు చూపించారు. ఇక ఇద్దరి మధ్యా ఆ ఘనత నాదంటే నాదని ఏళ్ళతరబడి కుమ్ములాట. ఆ విషయంలో రాస్ మాటలు హుందాగా లేవు. పక్కన దోమలు పెంచినవాళ్ళ పేర్లు మరిచిపోగలిగిన మనిషి, తన పేరు విషయంలో మాత్రం ఒక్క అక్షరం వదులుకోలేదు. 1902లో నోబెల్ బహుమతి అతని ఒక్కడికే వచ్చింది.

1899లో నౌకరీ వదిలి లివర్‌పూల్ వెళ్ళిపోయాడు. అక్కడి ఉష్ణదేశ వైద్యశాలలో పాఠాలు చెబుతూ సియెరా లియోన్, ఈజిప్టు, మారిషస్ తిరిగాడు. దోమ ఎగిరేటప్పుడు పట్టలేం, పిల్లగా నీళ్ళలో వున్నప్పుడే పట్టాలి అన్నది అతని సూత్రం. సూయజ్ కాలువ కంపెనీ వాళ్ళ ఇస్మాయిలియా పట్నంలో 1902లో నీటి గుంటలు పూడ్చి, నూనె చల్లితే, ఏటా వెయ్యికి పైన వచ్చే మలేరియా కేసులు 1905 నాటికి పదుల్లోకి దిగాయి. కంపెనీకి డబ్బుంది, దాని పని ఆగకూడదు, కనుక ఖర్చు పెట్టింది. అదే సమయంలో లాహోరు పక్క మియాన్ మీర్ కంటోన్మెంటులో కాలువ నీళ్ళు పారే పొలాల నడుమ ఇంగ్లీషు ప్రభుత్వం నామమాత్రంగా ప్రయత్నించి, దోమల్ని అదుపు చేయడం సాధ్యం కాదని తేల్చేసింది. రాస్ మండిపడ్డాడు. చాలినంత ఖర్చు పెట్టకుండా సాధ్యం కాదనడం ఏమిటని అతని వాదన. ఈ వాదనలో మేము రాస్ పక్షమే.

అతను చేసిన ఇంకో గొప్ప పని లెక్కల్లో వుంది. దోమలన్నిటినీ చంపనక్కరలేదు, మనిషికి ఇన్ని దోమలు అన్న ఒక హద్దుకి దిగువకి తెస్తే చాలు, జ్వరం దానంతట అదే ఆరిపోతుంది అని గణితంతో చూపించాడు. చిన్నప్పుడు తండ్రి వద్దన్న లెక్కలే చివరకు అక్కరకొచ్చాయి.

ముసలితనంలో డబ్బుకి ఇబ్బందిపడ్డాడు. తన సేవకి పారితోషికం ఇవ్వమని ప్రభుత్వాన్ని అడిగితే ఇవ్వలేదు. 1928లో తన కాగితాలన్నీ 2,000 పౌన్లకి అమ్ముకున్నాడు. 1926లో లండన్లో అతని పేర ఒక సంస్థ పెట్టారు, తేయాకు కంపెనీల వంటివి దానికి డబ్బిచ్చాయి. 1927 జనవరిలో కలకత్తా వచ్చి తన పేర కట్టిన ద్వారాన్ని చూసుకున్నాడు. 1932 సెప్టెంబరు 16న లండన్లో చనిపోయాడు.

అతను పోయాక దోమల పెంపకం సీసా దాటింది. అమెరికాలో నిప్లింగ్ అనే శాస్త్రజ్ఞుడు, గొడ్ల పుండ్లలో పడే ఈగ మీద ఒక ఎత్తు వేశాడు. ఆ ఈగల్ని లక్షల్లో పెంచి, వాటికి సంతానం కలగకుండా చేసి వదిలితే, ఆడ ఈగలు వాటితో జతకట్టి పనికిరాని గుడ్లు పెడతాయి. 1954లో కురసావో దీవిలో అలా ఆ ఈగని తుడిచిపెట్టారు. అదే పద్ధతి దోమ మీద వాడితే? మగ దోమ కుట్టదు, పూలరసం తాగి బతుకుతుంది. అందుకని మగవాటినే వదలాలి. 1970లలో మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో మలేరియా దోమల్ని రోజుకి పది లక్షల దాకా పెంచి వదిలారు.

ఇక్కడే దోమ పిల్ల తిండి సంగతి పెద్దదవుతుంది. రాస్ సీసాలో డజను పిల్లలు, వాటికి ఆ నీళ్ళలో వున్న పాచే చాలు. తొట్టికి వేలకొద్దీ పిల్లల్ని పోస్తే పాచి ఎక్కడ చాలుతుంది? తిండి పెట్టాలి. మన దేశపు ప్రయోగశాలల్లో మామూలుగా కుక్క బిస్కెట్ల పొడి, ఈస్టు కలిపి పెడతారు. వియన్నా దగ్గర అంతర్జాతీయ అణుశక్తి సంస్థవాళ్ళు తయారుచేసిన మేతలో సముద్రపు చేప పొడి, ఎద్దు కార్జం పొడి, ఈస్టు వుంటాయి. దోమ పిల్లకి కార్జం! మన ఇళ్ళల్లో పిల్లలకి ఎన్నాళ్ళకోసారి దొరుకుతుందో చెప్పనక్కరలేదు. కార్జం ధర ఎక్కువని ఇప్పుడు దానికి బదులు పురుగుల పిండి వాడి చూస్తున్నారు.

తిండి పెట్టడం కూడా వొడుపు తెలిసినవాడి పనే. ఎక్కువ వేస్తే నీళ్ళు పులిసి పైన తెట్టు కడుతుంది, పిల్లలు వూపిరాడక చస్తాయి. తక్కువ వేస్తే ఎదుగుదల ఆగి కొన్ని ముందు, కొన్ని వెనక అవుతాయి. వారం పది రోజుల్లో నాలుగు సార్లు కుబుసం విడిచి గూటిదశకి రావాలి. ఆ దశలో అది ఏమీ తినదు. కనుక రెక్కలొచ్చేవరకు కావలసిన బలమంతా పిల్లగా తిన్నదాంట్లోంచే రావాలి. అర్ధాకలితో పెరిగిన మగ దోమ చిన్నదై, బయటి దోమలతో పోటీపడలేక, జతకట్టకుండానే చస్తుంది. అప్పుడు అన్ని లక్షలు వదిలినా గాలిలో కలిసినట్టే. ఇంకో చిక్కు కూడా వుంది. కొన్ని రకాల దోమల్లో గూటిదశలో ఆడది పెద్దది, మగది చిన్నది. జల్లెడ పట్టినట్టు సైజుని బట్టే వేరు చేస్తారు. తిండి అందరికీ సమంగా అందకపోతే బక్క ఆడది మగవాటిలో కలిసి జారిపోతుంది. ఆడది కుడుతుంది. కాబట్టి తొట్టి దగ్గర పొడి చల్లే కూలీ చెయ్యి కాస్త అటూఇటూ అయితే, ఆ తప్పు వూళ్ళో జనం ఒంటిమీద తేలుతుంది.

మన పొలాలకీ ఇది వర్తిస్తుంది. ఇథియోపియాలో మొక్కజొన్న పుప్పొడి రాలిన గుంటల్లో మలేరియా దోమ పిల్లలు బలంగా, త్వరగా పెరుగుతున్నాయని తేలింది. తమిళనాడులో మదురై ప్రాంతపు వరిమళ్ళలో నత్రజని ఎరువు వేసినచోట దోమ పిల్లలు పెరిగాయని 2000లో వెలువడిన పరిశోధన చెప్పింది. పైరుకి పెట్టిన మేతలో కొంత పాచికీ, పాచి నుంచి దోమకీ పోతోందన్నమాట.

ఇక మన దేశంలో దోమల పెంపకం ఎలా మొదలయిందో చూడండి. 1970 ప్రాంతంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి ఢిల్లీలో ఒక యూనిట్ పెట్టాయి. డబ్బు అమెరికాది. పి.ఎల్. 480 గోధుమలు మనకి అమ్మగా జమపడిన రూపాయలే అవి. బోదకాలు దోమ మగవాటిని పెంచి, థయోటెపా అనే రసాయనంతో గొడ్డువి చేసి ఢిల్లీ చుట్టుపట్ల పల్లెల్లో వదిలారు. ఆ మందు బావి నీళ్ళలో కలుస్తుందా అని పత్రికలు ప్రశ్నించాయి. సోనిపత్‌లో చారల దోమల్ని వదలబోతున్నారని తెలిసి గొడవ ముదిరింది. ఆ దోమ మోసే పచ్చజ్వరం మన దేశంలో లేదు, మరి దానిమీద అమెరికాకి ఆసక్తి ఎందుకు, రేపు యుద్ధంలో రోగక్రిములు చల్లడానికా అని 1974లో అడిగారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కాదంది. యుద్ధం ఆరోపణ రుజువు కాలేదు, అది కూడా చెప్పాలి. చారల దోమ డెంగీని మోస్తుంది, దాన్ని అదుపు చేయడం మనకీ అవసరమే. కానీ 1975లో పార్లమెంటు పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అడిగిన ప్రశ్న సూటిగానే వుంది: మలేరియా తిరిగి విజృంభిస్తుంటే ఈ యూనిట్ దాన్ని వెనక్కి నెట్టి వేరే దోమల మీద ఎందుకు పనిచేస్తోంది? ఆ సంవత్సరమే యూనిట్ మూతపడింది. 1976లో దేశంలో 64 లక్షల మలేరియా కేసులు నమోదయ్యాయి.

మంచి శాస్త్రం కూడా ఆ గొడవలో కొట్టుకుపోయిందని బాధపడే శాస్త్రజ్ఞులున్నారు. వాళ్ళ బాధలో కొంత నిజం వుంది. అయితే పల్లె జనానికి, సభలకి ముందే అన్నీ విప్పి చెప్పి వుంటే ఆ గొడవ అంత దూరం పోయేది కాదని మా అభిప్రాయం. లచ్మన్‌కి చెప్పనట్టే ఢిల్లీ పల్లెలకీ సరిగా చెప్పలేదు.

ఇప్పుడు కొత్త పద్ధతి వచ్చింది. వొల్బాకియా అనే ఒక క్రిమిని చారల దోమ ఒంట్లోకి ఎక్కిస్తే, ఆ దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదు. ఇండోనేషియాలోని యోగ్యకర్తా పట్నంలో ఇలాంటి దోమల్ని పెంచి వదిలిన చోట డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. అక్కడ ముందుగా వీధి వీధి తిరిగి జనానికి చెప్పారు, ఇళ్ళవాళ్ళ సమ్మతి తీసుకున్నారు, చాలామంది తమ పెరట్లోనే గుడ్ల డబ్బాలు పెట్టుకోనిచ్చారు. డబ్బాలో నీళ్ళు, దోమ గుడ్లు, పిల్లలకి కాస్త మేత. మన దేశంలో పుదుచ్చేరిలోని ప్రభుత్వ పరిశోధనా కేంద్రం ఇలాంటి దోమల్ని తయారుచేసినట్టు 2022లో ప్రకటించింది. వదలాలంటే ప్రభుత్వ అనుమతులు కావాలి.

ఈ పద్ధతిలో ఆడ దోమల్ని కూడా వదులుతారు, క్రిమి తరతరాలకి పాకాలి కనుక. అవి కుడతాయి. ఆ సంగతి వూరివాళ్ళకి ముందే చెప్పవలసి వుంటుంది. మేత కూడా ఇక్కడ తేలిగ్గా తీసుకునేది కాదు. తిండి చాలని పిల్ల బలహీనమైన దోమ అవుతుంది, అది గుడ్లు పెట్టకుండానే చస్తే క్రిమి పాకదు. పుదుచ్చేరి లాంటి చోట ప్రతి తొట్టికీ పిల్లల్ని లెక్కపెట్టి పోసి, పొడి తూకం వేసి, రోజూ నీళ్ళు చూసేవాళ్ళు వుండాలి. బేగంపేటలో సీసా పట్టుకొచ్చినవాడి పనికి వారసులు వాళ్ళే.